మొదటిసారి చైనా వెళ్ళే వ్యాపారి ఫోన్‌లో ఏముండాలి

(విజయవాడ వన్‌టౌన్‌లో, చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగే వాణిజ్య మేళాకు తొలిసారి బయలుదేరుతున్న చిన్న వ్యాపారుల ముందు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. కొట్టు కట్టేసి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని సూటిగా విషయంలోకి వచ్చేస్తాను.

నన్ను ఫోన్ గురించి మాట్లాడమని పిలిచారు. నేను ముందు ఒక కాగితం చూపిస్తాను. ఇదిగోండి, నాలుగు మడతలు పెట్టిన మామూలు తెల్ల కాగితం. ముందువైపు హోటల్ పేరు ఇంగ్లీషులో ప్రింట్ అయి ఉంది. వెనకవైపు నీలం ఇంకుతో రెండు వరుసల చైనా అక్షరాలు, వాటి కింద ఒక ఫోన్ నంబరు. 2018 అక్టోబర్ నాటి కాగితం ఇది. ఇప్పటికీ దాచుకున్నాను.

ఆ రోజు గ్వాంగ్‌జౌ బాయ్‌యున్ ఎయిర్‌పోర్టులో నేను బయటికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. టాక్సీ డ్రైవర్ ఈ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి అర్థం కాలేదు, ఆయన అన్నది నాకు అర్థం కాలేదు. ఇంకో డ్రైవర్ వచ్చాడు, ఇద్దరూ కలిసి పేరు పోల్చుకున్నారు. ముప్పావు గంట ప్రయాణం చేసి దిగాను. పేరు అదే, కానీ నేను బుక్ చేసింది ఆ హోటల్ కాదు. ఒకే పేరుతో ఊరంతా బ్రాంచీలున్నాయి, నాది ఊరికి ఇంకో కొసన ఉంది. కౌంటర్లో ఉన్న అమ్మాయి నా బుకింగ్ చూసి, తన ఫోన్‌లో వెతికి, కాగితం వెనక ఈ రెండు వరుసలు రాసిచ్చింది. అక్కడ ఎక్కిన ఇంకో టాక్సీ డ్రైవర్‌కి ఈ కాగితం చూపించాను. ఒక్కసారి చూసి తలూపి బండి తీశాడు.

అక్కడి భాషలో, అక్కడి అక్షరాల్లో, సరైన బ్రాంచి పేరుతో ఒక ముక్క చేతిలో ఉండాలి. అది ఫోన్‌లో ఉంటే మంచిది, జేబులో కూడా ఉంటే ఇంకా మంచిది. నేను ఈ పూట చెప్పేదంతా ఈ కాగితంలోంచే వచ్చింది.

ఇక అసలు సంగతి. చైనా వెళ్ళే మనవాడికి రెండు గోడలు అడ్డొస్తాయి. ఒకటి వాళ్ళది, ఇంకోటి మనది. మొదటి గోడ గురించి అందరూ వినే ఉంటారు. గూగుల్, జీమెయిల్, వాట్సాప్, యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అక్కడి ఇంటర్నెట్ మీద పనిచేయవు. రెండో గోడ సంగతి టికెట్ కొన్నాక గానీ చాలామందికి గుర్తురాదు. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లను ఆపేసింది. అందులో టిక్‌టాక్ ఒక్కటే కాదు, వాళ్ళ వాట్సాప్ లాంటి వీచాట్ ఉంది, బైదు మ్యాప్ ఉంది, బైదు అనువాదం ఉంది. అదే ఏడాది సెప్టెంబర్ 2న ఇంకో 118 ఆపారు. అలీపే ఆ జాబితాలో ఉంది. అంటే చైనాలో కూరగాయల బండి దగ్గర కూడా డబ్బు కట్టించుకునే రెండు యాప్‌లూ, వీచాట్, అలీపే, మన దేశంలో నిషేధంలో ఉన్నాయి.

యూరప్ నుంచో అమెరికా నుంచో వెళ్ళేవాళ్ళకి "ఇంట్లో కూర్చుని అలీపే పెట్టుకోండి, కార్డు కలపండి, విమానం ఎక్కండి" అని చెబితే సరిపోతుంది. మనకి ఆ సలహా పనికిరాదు. ఇక్కడ ఉండగా దొడ్డిదారిన దించుకోమని నేను చెప్పను. మన దేశ చట్టం మన దేశంలో పాటించాల్సిందే. కాబట్టి మన తయారీ వేరు. ఆ యాప్ మనల్ని ఏమేం అడుగుతుందో అవన్నీ ఇక్కడే సిద్ధం చేసుకుని, యాప్ పని మాత్రం సరిహద్దు దాటాక చేసుకోవాలి.

ముందు ఇంటర్నెట్ సంగతి తేల్చుకుందాం. అది తేలితే మిగతా సగం టెన్షన్ పోతుంది. అక్కడ మీ ఫోన్‌కి నెట్ మూడు దారుల్లో రావచ్చు.

ఒకటి, మన సిమ్ మీద రోమింగ్. రోమింగ్‌లో మన డేటా సాధారణంగా చైనా టవర్ నుంచి మన కంపెనీ దగ్గరికి వచ్చి అక్కడి నుంచి బయటికి పోతుంది. అందుకే చైనాలో కూర్చున్నా వాట్సాప్ పనిచేస్తుంది. కానీ డేటా మన దేశం గుండా పోతోంది కాబట్టి, మన దేశం ఆపిన యాప్‌లు ఆ దారిలో ఆడకపోవచ్చు. రెండోది, హోటల్ వైఫై గానీ అక్కడ కొన్న సిమ్ గానీ. దాని మీద అక్కడి యాప్‌లన్నీ నిక్షేపంగా నడుస్తాయి, వాట్సాప్ మాత్రం మూగబోతుంది. మూడోది, హాంకాంగ్ మీదుగానో సింగపూర్ మీదుగానో డేటా పంపే ట్రావెల్ ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కే సిమ్. ఆ దారిలో ఈ గోడా ఉండదు, ఆ గోడా ఉండదు. మీ ఫోన్ ఈసిమ్ తీసుకునే రకమైతే నా ఓటు దీనికే. కొనేటప్పుడు "చైనాకి" అని మాత్రమే అడిగి ఊరుకోకండి, "డేటా ఎక్కడి గుండా పోతుంది" అని కూడా అడగండి.

వీపీఎన్, అంటే ఆపిన సైట్లను వేరే దేశం దారిలో తెరిచే యాప్, దాని సంగతి ఎవరో ఒకరు అడుగుతారు. అనుమతి లేని వీపీఎన్‌లను అక్కడి చట్టం ఒప్పుకోదు. పైగా సరిగ్గా పని పడ్డ రోజే అవి ఆగిపోతాయి. పైన చెప్పిన మూడు దారులూ తెలిసినవాడికి దాని అవసరం రాదు.

ఇందులో ఒక చిన్న చిక్కుంది, ఇంట్లోవాళ్ళని బాగా ఏడిపిస్తుంది. మీరు రాత్రి హోటల్‌కి చేరతారు. పొద్దున కలిపిన వైఫైకి ఫోన్ తనంతట తనే కలిసిపోతుంది. వాట్సాప్ ఆగిపోతుంది. మీకు తెలియదు, స్నానం చేసి పడుకుంటారు. ఇక్కడ ఇంట్లో ఒకటే టిక్కు పడుతుంది, రెండో టిక్కు పడదు. చైనా గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. ఇక్కడ తొమ్మిదింటికి కొట్టు కట్టేసి ఫోన్ చేస్తే అక్కడ పదకొండున్నర. మీరు నిద్రలో ఉంటారు, ఇక్కడ మీ అమ్మగారు రాత్రంతా మేలుకుని కూర్చుంటారు. కాబట్టి బయలుదేరే ముందే ఇంట్లో చెప్పండి, "ఒక టిక్కు పడితే నేను వైఫైలో ఉన్నట్టు, కంగారుపడకండి" అని. మీరు కూడా వైఫై దానంతటది కలవకుండా ఆ సెట్టింగ్ ఆపుకోండి.

ఇక డబ్బు. క్యూఆర్ కోడ్ మనకి కొత్త కాదు. పూలు అమ్మే అవ్వ దగ్గర కూడా స్కాన్ చేస్తున్నాం. కానీ మన యూపీఐ అక్కడి దుకాణంలో అంటించిన కోడ్ మీద పనిచేయదు. అక్కడ అలీపే, వీచాట్. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు విదేశీ కార్డు వాటికి కలిసేది కాదు, చేతిలో నోట్లతోనే తిరిగాను. 2023 నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ బాగానే కలుస్తున్నాయి. ఒక్కో చెల్లింపు 200 యువాన్ల లోపు ఉంటే యాప్ అదనంగా ఏమీ తీసుకోదు, దాటితే 3 శాతం తీసుకుంటుంది. యువాన్ మన లెక్కలో సుమారు 12, 13 రూపాయలు. అంటే టీ, భోజనం, మెట్రో, చిన్న టాక్సీ అన్నీ ఆ హద్దు లోపలే అయిపోతాయి. దీని మీద మీ బ్యాంకు వేసే విదేశీ మారక రుసుము వేరే ఉంటుంది, అది మీ కార్డును బట్టి. ఒక చెల్లింపు పరిమితిని 2024లో 5,000 డాలర్లకు పెంచారు కాబట్టి మామూలు ఖర్చుకి అడ్డేమీ లేదు. సరుకు అడ్వాన్సులు మాత్రం ఈ దారిలో పంపకండి. అవి బ్యాంకు ద్వారా, కాగితాలతో, పద్ధతి ప్రకారం పోవాలి.

2025 ఏప్రిల్‌లో నాకు జరిగింది చెబుతాను, ఎందుకంటే ఇది మీలో సగం మందికి జరిగే అవకాశం ఉంది. హైదరాబాద్ నుంచి హాంకాంగ్ వెళ్ళి, అక్కడి వెస్ట్ కౌలూన్ స్టేషన్ నుంచి రైల్లో గ్వాంగ్‌జౌ వెళ్దామని మా ప్లాన్. స్టేషన్లో కూర్చుని అలీపేలో కార్డు కలపబోయాను. బ్యాంకు ఒప్పుకోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, విదేశీ వాడకం బటన్ నొక్కలేదని. 2020 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం మన కార్డులు విదేశాల్లో పనిచేయాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. సరే అని బ్యాంకు యాప్ తెరిస్తే అది తెరుచుకోలేదు. ఎందుకంటే ట్రావెల్ సిమ్ వేసుకోవడానికి మన సిమ్ తీసి పర్సులో పెట్టాను. రిజిస్టర్ అయిన సిమ్ ఫోన్‌లో లేకపోతే ఆ యాప్ తెరుచుకోదు. తెరుచుకున్నా ఓటీపీ ఆ సిమ్‌కే రావాలి. సిమ్ ట్రే తీయడానికి పిన్ను లేదు. చివరికి మా ఆవిడ చెవి రింగు కొనతో ట్రే లాగాం. సిమ్ మార్చి, రోమింగ్ కోసం ఆగి, బటన్ నొక్కి, మళ్ళీ సిమ్ మార్చి, మళ్ళీ కార్డు కలిపేసరికి మేము ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయింది.

ఇందులోంచి మీరు పట్టుకోవాల్సినవి ఇవి. మన సిమ్ ఫోన్‌లోంచి తీయకూడదు. దాని మీద డేటా ఆపుకోండి, మెసేజ్‌లు రావడానికి రోమింగ్ మాత్రం ఆన్‌లో ఉంచండి. డేటా రెండో సిమ్ మీదో ఈసిమ్ మీదో రానివ్వండి. కార్డు విదేశీ వాడకం ఇక్కడే ఆన్ చేసి, పరిమితి కూడా పెట్టుకోండి. ఒకే కార్డు మీద ఆధారపడకండి. రెండు వేర్వేరు బ్యాంకులవి తీసుకెళ్ళండి, ఒకటి వీసా, ఒకటి మాస్టర్‌కార్డ్ అయితే మరీ మంచిది. యాప్ పాస్‌పోర్టు ఫొటో అడుగుతుంది, మీ ముఖం కూడా చూస్తుంది. మెరుపు పడకుండా తీసిన పాస్‌పోర్టు ఫొటో ఫోన్‌లోనే ఉంచుకోండి, నెట్ లేకపోయినా దొరికేలా.

ఇంకో మాట. దేశం దాటినంత మాత్రాన మీ యాప్ స్టోర్ దేశం మారదు. అది ఇంకా మన దేశపు స్టోరే. ఆండ్రాయిడ్ అయితే కంపెనీ సొంత వెబ్‌సైట్ నుంచి దించుకునే వీలుంది. ఐఫోన్ అయితే స్టోర్ దేశం మార్చాలి. నెలనెలా కట్టే సబ్‌స్క్రిప్షన్ ఏదైనా నడుస్తున్నా, ఖాతాలో బ్యాలెన్స్ మిగిలి ఉన్నా అది మారనివ్వదు. ఆ లెక్కలు ఇంటి దగ్గరే సరిచూసుకోండి.

డబ్బు కట్టే పద్ధతి రెండు రకాలు. ఒకటి మనకి అలవాటైనదే, వాళ్ళ కోడ్ మనం స్కాన్ చేసి అంకె కొట్టడం. రెండోది, మన ఫోన్‌లో మన కోడ్ తెరిచి చూపిస్తే వాళ్ళు స్కాన్ చేసి డబ్బు తీసుకోవడం. ఈ రెండో కోడ్ మన పర్సు లాంటిది. దుకాణంలో మనిషి ఎదురుగా ఉన్నప్పుడే చూపించండి. దాని స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపకండి, ఎవరు అడిగినా సరే.

ఇంత చేసినా ఒకవేళ యాప్ మొరాయిస్తే? జేబులో ఓ వెయ్యి యువాన్లు, చిన్న నోట్లుగా ఉంచుకోండి. నోట్లు తీసుకోం అని తిరస్కరించడం అక్కడి కేంద్ర బ్యాంకు నియమాలకు విరుద్ధం. చిల్లర లేదని విసుక్కోవచ్చు గానీ తీసుకుంటారు. పెద్ద బ్యాంకుల ఏటీఎంలలో మన వీసా, మాస్టర్‌కార్డ్ పెడితే నోట్లు వస్తాయి.

మ్యాప్ విషయం. గూగుల్ మ్యాప్ మీద అక్కడ నమ్మకం పెట్టుకోకండి. నెట్ దొరికినా అది చూపే చోటు తప్పొస్తుంది. చైనా చట్టం ప్రకారం అక్కడి మ్యాపులు జీసీజే-02 అనే వేరే కొలత పద్ధతిలో గీస్తారు. ఉపగ్రహం చెప్పే చోటికీ, ఆ మ్యాపులో రోడ్డుకీ కొన్ని వందల మీటర్ల తేడా వస్తుంది. మీరు మేళా గేటు ముందు నిలబడి ఉంటే ఫోన్ మిమ్మల్ని పక్క వీధిలో చూపిస్తుంది. ఐఫోన్ ఉన్నవాళ్ళకి ఆపిల్ మ్యాప్స్ అక్కడ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడి కంపెనీ మ్యాపునే వాడుతుంది. మిగతావాళ్ళు ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి ఆఫ్‌లైన్ మ్యాపులో గ్వాంగ్‌జౌ ఉన్న గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రాన్ని ఇక్కడే దించుకోండి. నెట్ లేకుండా నడుస్తుంది, చోటు కూడా సరిగ్గా చూపిస్తుంది. అక్కడికి చేరాక వాళ్ళ మ్యాప్ యాప్ ఆమాప్ చూడొచ్చు, దానికి ఇంగ్లీషు కూడా వచ్చింది.

టాక్సీకి దీదీ, మన ఓలా లాంటిది. అలీపే లోపలే ఉంటుంది, ఇంగ్లీషులో తెరుచుకుంటుంది, డ్రైవర్‌తో మెసేజ్‌లను అనువదించి చూపిస్తుంది. బండి ఎక్కగానే డ్రైవర్ ఏదో అడుగుతాడు. కంగారు పడకండి, మీ ఫోన్ నంబరు చివరి నాలుగు అంకెలు అడుగుతున్నాడు. చూపిస్తే చాలు.

రైలుకి 12306. అది వాళ్ళ రైల్వే సొంత యాప్ పేరు, అంకెలే పేరు. టికెట్లు 15 రోజుల ముందు తెరుచుకుంటాయి. కాగితం టికెట్ లేదు, మీ పాస్‌పోర్టే టికెట్. అందుకే పాస్‌పోర్టులో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి. మన ఇంటిపేర్లతో ఇది పెద్ద తలనొప్పి. కార్డు మీద ఇనిషియల్, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, వీసా ఫారంలో ముందూ వెనకా. పాస్‌పోర్టు చూసి ఒకసారి సరిగ్గా టైప్ చేసి నోట్స్‌లో పెట్టుకోండి, ప్రతిచోటా అదే అతికించండి. కొత్తవాళ్ళ పాస్‌పోర్టును రైల్వే పరిశీలించడానికి సమయం పడుతుంది, కాబట్టి ఖాతా ముందే తెరవండి. గేటు మీ పాస్‌పోర్టును చదవకపోతే పక్కన మనిషి ఉన్న దారి ఒకటి ఉంటుంది, అటు వెళ్ళండి.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన భాగం, భాష.

అనువాదం యాప్‌లో చైనీస్ ఆఫ్‌లైన్ ప్యాక్, ఇంగ్లీషు ప్యాక్, తెలుగు ప్యాక్ మూడూ ఇక్కడే దించుకోండి. గూగుల్ అనువాదంలో తెలుగు కూడా ఆఫ్‌లైన్‌లో దొరుకుతుంది. ప్లెకో అనే నిఘంటువు యాప్ కూడా పెట్టుకోండి, అది నెట్ లేకుండా పనిచేస్తుంది. యాప్‌తో మాట్లాడేటప్పుడు మన ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడకండి. "మాంసం వద్దు" అంటే మనకి చాలు. ఎవరికి వద్దు, ఎందులో వద్దు అని యంత్రం తడుముకుంటుంది. "నేను మాంసం తినను" అనండి. కర్తా క్రియా ఉన్న పొట్టి వాక్యం. ఒకసారికి ఒకే సంగతి.

కానీ నాలుగు మాటలు మీ నోటితోనే అనండి. దానికి మన దగ్గర ఒక మంచి పనిముట్టుంది, తెలుగు లిపి. ఇది చాలామంది గమనించరు. బీజింగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో చూసి మనం "బ" అంటాం. వాళ్ళ నోట్లో అది నిజానికి "ప". ఇంగ్లీషు పి అక్షరంతో రాసేది వాళ్ళకి ఒత్తు "ఫ", అంటే ఫ్యాన్‌లో ఫ కాదు, బడిలో మాస్టారు "ఫలము" అని పలికించారే, ఆ ఫ. అలాగే వాళ్ళు డి అని రాసేది మన "త"కి దగ్గర, టి అని రాసేది "థ". జి అంటే "క", కె అంటే "ఖ". గ్వాంగ్‌జౌ అని మనం అంటున్నది వాళ్ళ నోట్లో క్వాంగ్‌చౌ లాగా వినిపిస్తుంది. మేళా జరిగే చోటు పాజౌ అని రాసి ఉంటుంది, అడిగేటప్పుడు "ఫాచౌ" అనండి. అల్పప్రాణం, మహాప్రాణం అని మనకి చిన్నప్పుడే నేర్పారు. వాళ్ళ భాష ఆ తేడా మీదే నిలబడి ఉంది. అందుకే వాక్యాలను తెలుగు లిపిలోనే నోట్స్‌లో రాసుకోండి.

రాసుకోండి. "నీ హావ్", నమస్కారం. "షియే షియే", థాంక్స్. "త్వొ షావ్ ఛియెన్", ఎంత. "థింగ్ పు తుంగ్", నాకు అర్థం కావడం లేదు. "పు యావ్", వద్దు. ఈ చివరిది మన మార్కెట్‌లో కంటే అక్కడ ఎక్కువ పనికొస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. వాళ్ళ భాషలో స్వరం మారితే అర్థం మారిపోతుంది. "మాయ్" అని కిందికి దించి పైకి లేపితే కొనడం. అదే "మాయ్" పైనుంచి కిందికి విసిరితే అమ్మడం. వ్యాపారికి అంతకంటే ముఖ్యమైన తేడా ఏముంది? అందుకే ధర విషయంలో నోటిని నమ్మకండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరిచి అంకె చూపించండి, వాళ్ళు చెరిపి ఇంకో అంకె కొడతారు. గ్వాంగ్‌జౌలో, యీవూ టోకు మార్కెట్‌లో బేరాలు ఇలాగే నడుస్తాయి. వేళ్ళతో మాత్రం చెప్పకండి. బొటనవేలు, చూపుడువేలు చాపితే మనకి రెండు, వాళ్ళకి ఎనిమిది. బొటనవేలు, చిటికెనవేలు చాపితే ఆరు. మొదటిసారి ఒక స్టీలు డబ్బాల షాపులో నేను వేళ్ళతో రెండు అన్నాను. ఆమె ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టి పక్కన పెట్టింది.

తిండి. శాకాహారులు ఈ ఒక్కటి తప్పక చేయండి. చైనీస్ బాగా వచ్చినవాళ్ళ చేత, లేదా అనువాదం చేసి మళ్ళీ వెనక్కి ఇంగ్లీషులోకి తిప్పి సరిచూసి, ఒక చీటీ తయారుచేసుకోండి. "నేను మాంసం, చేప, రొయ్య, గుడ్డు తినను. పంది కొవ్వు, ఆయిస్టర్ సాస్, మాంసం వేసి కాచిన నీళ్ళు కూడా వద్దు." ఈ చివరి ముక్క లేకపోతే కూరగాయల సూప్ అని తెచ్చేది ఎముకల నీళ్ళలో కాచింది అయి ఉండొచ్చు. "రౌ" అంటే మాంసం, కానీ ముందు ఏ జంతువు పేరూ చెప్పకుండా ఉత్త "రౌ" అంటే వాళ్ళ లెక్కలో పంది మాంసమే. "వొ ఛ సూ" అంటే నేను శాకాహారం తింటాను. ఈ మాట అని చీటీ చూపించండి. చీటీని ఫోన్‌లో ఫొటోగా పెట్టుకోండి, పెద్ద అక్షరాలతో ప్రింట్ కూడా తీసుకోండి. వంటగదిలోకి ఫోన్ ఇచ్చి పంపలేం, కాగితం పంపగలం.

చాలా హోటళ్ళలో బల్ల మీద ఒక కోడ్ అంటించి ఉంటుంది, స్కాన్ చేస్తే మెనూ అంతా చైనీస్‌లో తెరుచుకుంటుంది. స్క్రీన్‌షాట్ తీసి అనువాదం యాప్‌లో ఆ ఫొటో తెరవండి, వరుసగా చదివి పెడుతుంది.

కొన్ని చిన్నవి గబగబా చెప్పేస్తాను. పవర్ బ్యాంక్: 2025 జూన్ 28 నుంచి చైనా లోపలి విమానాల్లో త్రీ సీ గుర్తు, అంటే వాళ్ళ భద్రతా ధ్రువీకరణ ముద్ర, లేని పవర్ బ్యాంక్ ఎక్కనివ్వరు. మన దగ్గర కొన్నవాటికి ఆ గుర్తు సాధారణంగా ఉండదు. గ్వాంగ్‌జౌ నుంచి ఇంకో ఊరికి విమానంలో వెళ్ళేవాళ్ళు అక్కడే గుర్తున్నది కొనుక్కోండి, లేదా రైలెక్కండి. ప్లగ్గు: అక్కడ రెండు బల్లపరుపు పిన్నులు, లేదా ఏటవాలుగా ఉండే మూడు పిన్నులు, కాబట్టి అడాప్టర్ కావాలి. కరెంటు 220 వోల్టులు, దాదాపు మనలాగే. చైనాలో దిగేటప్పుడు నింపే రాక కార్డు (అరైవల్ కార్డు): 2025 నవంబర్ 20 నుంచి ఆన్‌లైన్‌లో ముందే నింపొచ్చు. హాంకాంగ్‌లో బయటికి వచ్చేవాళ్ళు అక్కడి ముందస్తు నమోదు ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. డబ్బు కట్టక్కర్లేదు, కానీ ఆ చీటీ ఏ-ఫోర్ కాగితం మీద ప్రింట్ తీసి చేతిలో ఉంచుకోవాలి. నేరుగా వెళ్దామంటే 2025 అక్టోబర్ నుంచి కోల్‌కతా నుంచి, నవంబర్ నుంచి ఢిల్లీ నుంచి గ్వాంగ్‌జౌకి విమానాలు మళ్ళీ మొదలయ్యాయి. మేళా బ్యాడ్జీకి ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోండి. 1957 నుంచి జరుగుతున్న మేళా అది, ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి మూడు విడతలు. ఇంటి సామాను వాళ్ళకి రెండో విడత. తేదీ చూసుకోకుండా టికెట్ కొంటే మీ సరుకు లేని విడతకి వెళ్తారు.

ప్రశ్నలున్నాయా? అడగండి.

(మా అబ్బాయి అక్కడ ఎంబీబీఎస్ చదువుతున్నాడండి, వాడి ఫ్లాట్‌లో దిగితే పర్లేదా అని ఒకరు అడిగారు.)

దిగొచ్చండి. కానీ 24 గంటల లోపు అక్కడి పోలీస్ స్టేషన్లో మీ బస నమోదు చేయించాలి. హోటల్లో దిగితే వాళ్ళే చేస్తారు, ఇంట్లో దిగితే మన బాధ్యత. మీ అబ్బాయికి ఆ పద్ధతి తెలిసే ఉంటుంది, ఫ్లాట్ చిరునామా చైనీస్‌లో ముందే పంపించమనండి. ఈ నంబర్లు కూడా రాసుకోండి: పోలీసు 110, అంబులెన్స్ 120, ఫైర్ 119. వీసా, బస లాంటి సందేహాలకి 12367. అది 24 గంటలూ పనిచేస్తుంది, ఇంగ్లీషులో మాట్లాడతారు. గ్వాంగ్‌జౌలో మన కాన్సులేట్ ఉంది, దాని నంబరు ఫోన్‌లో ఒకచోట, కాగితం మీద ఒకచోట.

(తైవాన్, సింగపూర్ వెళ్ళేవాళ్ళకి కూడా ఇదేనా అని ఇంకొకరు అడిగారు.)

కాదండి. ఆ రెండు చోట్లా గూగుల్, వాట్సాప్ మామూలుగానే నడుస్తాయి. సింగపూర్‌లో ఇంగ్లీషుతోనే పనైపోతుంది. తైవాన్‌లో అక్షరాలు పాత పద్ధతివి, గీతలు ఎక్కువ. అనువాదం యాప్‌లో సంప్రదాయ చైనీస్ అని ఉంటుంది, అది ఎంచుకోండి. చిరునామా, తిండి చీటీ మాత్రం ఎక్కడికైనా కావాల్సిందే.

(వీచాట్ లేకపోతే సప్లయర్లు మాట్లాడతారా అని ముందు వరసలో ఒకరు.)

మేళాలో విదేశాలకి ఎగుమతి చేసేవాళ్ళు చాలామంది వాట్సాప్ కూడా వాడతారు. మొదటి పలకరింపులోనే అడగండి, ఈమెయిల్ కూడా తీసుకోండి. విజిటింగ్ కార్డుని ఆ స్టాల్ ముందు, మీరు మెచ్చిన వస్తువు పక్కన పెట్టి ఫొటో తీయండి. రోజుకి వంద స్టాళ్ళు తిరిగాక ఏ కార్డు ఏ డబ్బాదో ఎవరికీ గుర్తుండదు.

సరే, ఇప్పుడు అందరూ ఫోన్లు బయటికి తీయండి. బ్యాంకు యాప్ తెరిచి, కార్డుల దగ్గరికి వెళ్ళి, విదేశీ వాడకం అనే బటన్ ఎక్కడుందో వెతకండి. అది అయినవాళ్ళు హోటల్ బుకింగ్ తెరిచి, చిరునామా చైనీస్‌లో కనిపిస్తుందో లేదో చూసి స్క్రీన్‌షాట్ తీయండి. బ్రాంచి పేరు కూడా అందులో పడాలి. నేను ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాను. వెనక వరస నుంచి మొదలుపెడదాం.